గట్టు దాటితే సగం ధర

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెడ్ వైన్ గురించే. ఫ్రాన్స్‌లో, బర్గండీ ప్రాంతపు దిజోన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. అందులో ఆరేళ్లు ఒక వైన్ దుకాణం నేలమాళిగలో పెట్టెలు మోశాను. కాబట్టి చెప్పేది పుస్తకంలో చదివి కాదు, నడుం నొప్పితో నేర్చుకున్నది.

అక్కా, ఆఫీసులో అందరూ బర్గండీ రెడ్ అంటూ ఒకటే పొగడ్త. దుకాణానికి వెళ్తే జెవ్రే-షాంబెర్తాన్ సీసా 60 యూరోలు. పాతిక, ముప్పై లోపల ఆ రుచి దొరికే దారి ఏమైనా ఉందా? – పాఠకుడు, ప్యారిస్

ఉందండీ. ముందు ఆ జెవ్రేకీ షాంబెర్తాన్‌కీ మధ్య ఉన్న అడ్డగీత సంగతి చెప్తాను. మీరు కట్టే 60 యూరోల్లో దాని వాటా తక్కువేం కాదు. 1847 దాకా ఆ ఊరు ఉత్త జెవ్రే. ఊళ్లో షాంబెర్తాన్ అనే తోటకి దేశమంతా పేరుండేది. రాజుగారి ఉత్తర్వు తెచ్చుకుని ఆ తోట పేరును ఊరి పేరుకు తగిలించుకున్నారు. ఆ తర్వాత పక్క ఊళ్లూ అదే బాట పట్టాయి. షాంబోల్‌కి ముజిన్యీ, పులిన్యీకి మోన్‌రాషే అలా వచ్చి చేరినవే.

ఇక తగిలించుకోవడానికి పెద్ద తోట లేని ఊళ్లున్నాయి చూశారూ, మనకు కావలసినవి అవి. దిజోన్ నుంచి దక్షిణంగా సైకిల్ తొక్కితే వరసగా షెనోవ్, మార్సనే, కూషే, ఫిసాన్, బ్రోషోన్, ఆపైన జెవ్రే వస్తాయి. నా తొక్కుడుకే గంట పట్టదు. కుడిచేతి వైపు ఒకే కొండవాలు, తూర్పు ఎండ, సున్నపురాయి నేల, అదే పినో న్వార్ ద్రాక్ష. గట్టు దాటేసరికి ధర మాత్రం సగం, కొన్నిచోట్ల ఇంకా తక్కువ.

మార్సనే ఎందుకు చవకంటే, ఆ ఊరికి చాలాకాలం రోజే వైన్ ఊరనే పేరుండేది. దాని పేరుతో సొంత అపెలాసియోన్ (చట్టం గుర్తించిన వైన్ పేరు) 1987లో గానీ రాలేదు. నేను తోటవాళ్ల గుమ్మంలోనే కొంటాను, 22 నుంచి 28 యూరోల మధ్య. ఫిసాన్ ఇంకాస్త మొరటు మనిషి. రాతలో దాని పేరు మధ్య 'క్స్' అక్షరం ఉంటుంది కానీ ఇక్కడివాళ్లు 'స' అనే పలుకుతారు. దుకాణంలో 'ఫిక్సిన్' అన్నారో, కొత్తవాళ్లని తెలిసిపోతుంది. నేను మొదటి వారమంతా అలాగే అన్నాను, ఎవరూ దిద్దలేదు, నవ్వుకున్నారు. ఆ వరసలోనే 'కోత్ ద న్యుయి విలాజ్' అనే లేబుల్ కనిపిస్తే వదలకండి. బ్రోషోన్, ఫిసాన్, కొర్గొల్వాన్ లాంటి అయిదు ఊళ్ల పంట ఆ పేరు మీద వస్తుంది. ఊరి పేరు కనబడదు కాబట్టే దాని మీద ఎవరి కన్నూ పడదు.

ఇంకా దక్షిణాన వోల్నేకీ మెర్సోకీ మధ్య మోంతెలీ అని చిన్న ఊరుంది. కోతల కాలంలో మోంతెలీలో కోడి ఆకలితో చస్తుందని ఇక్కడో సామెత. ఊరంతా ద్రాక్షే, గింజ పండే చెక్క లేదని భావం. వోల్నే కొనలేని నాడు నేను కొనేది అదే. ఆ కొండవరస చివర మరాంజ్ ఉంది. దాని గురించి కింద ఇంకో ఉత్తరంలో చెప్తాను. అదీ దాటితే మెర్క్యురే, జివ్రీ.

ఒక్కమాట మాత్రం దాచను. ఇవేవీ షాంబెర్తాన్ రుచి ఇవ్వవు. మంచి మార్సనే మంచి మార్సనేలాగే ఉంటుంది. బద్ధకస్తుడు చేసిన జెవ్రేకన్నా మాత్రం ఎప్పుడూ మేలే. అందుకని ఊరితోపాటు, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న రైతు పేరు కూడా రాసిపెట్టుకోండి.

మేడమ్, సూపర్‌మార్కెట్లో 9 యూరోలకి మదిరాన్ 2022 మూడు సీసాలు కొన్నాం. ఒక్క గుక్క తాగేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. పాడైపోయిందా? మిగతా రెండూ తిరిగి ఇచ్చేయాలా? – పాఠకురాలు, తులూజ్

ఇవ్వకండమ్మా. అది పాడవలేదు, ఇంకా పసిది.

పచ్చి అరటికాయ కొరికితే నోరెలా అవుతుందో, మీకయింది అదే. ఇంగ్లిష్‌లో టానిన్ అని పెద్ద మాటగా చెప్తారు, మనకు వగరు అంటే చాలు. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే ఆ పదార్థం మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటుంది. జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. మదిరాన్‌లో వేసేది ముఖ్యంగా తనా అనే ద్రాక్ష, వగరులో దాన్ని మించింది అరుదు. ఆ వగరును ఎలా లొంగదీయాలా అని తలలు పట్టుకునే, 1990ల మొదట్లో ఆ ఊళ్లలోనే తొట్టిలోని వైన్‌లోకి సన్నటి బుడగలుగా ఆక్సిజన్ వదిలే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడది ప్రపంచమంతా వాడుతోంది. పేరులోనే మదిర ఉన్న ఊరు, ఆ మాత్రం చేయకపోతే ఎలా?

మిగిలిన రెండింటిలో ఒకటి అయిదారేళ్లు పక్కన పెట్టండి. రెండోది ఇప్పుడే తాగాలనుంటే, భోజనానికి మూడు గంటల ముందు వెడల్పు జగ్గులో పోసి వదిలేయండి. పక్కన మీ ఊరి బాతు కోన్‌ఫీ, అదే సొంత కొవ్వులో ఉడికించిన బాతు, ఉండాలి. కొవ్వూ మాంసమూ తగిలితే వగరు కోర మొద్దుబారుతుంది. మీకు అసలు వగరే పడదంటే, తులూజ్ పక్కనే ఫ్రోన్‌తోన్ ఉంది. నెగ్రెట్ అనే ద్రాక్షతో చేస్తారు, మెత్తగా, పువ్వుల వాసనతో ఉంటుంది. దాన్ని మాత్రం దాచకండి, కొన్న ఏడాది తాగేయండి.

అక్కా, లియోన్‌లో రెండు గదుల ఫ్లాట్. వైన్ మాగితే బాగుంటుందంటారు. ఏది దాచాలో, ఎన్నేళ్లో, ఎక్కడో అర్థం కాక టెన్షన్. ఫ్రిజ్ పైన ఖాళీ ఉంది, అక్కడ పెట్టొచ్చా? – పాఠకుడు

ఫ్రిజ్ పైన వద్దండీ బాబూ. ఇంట్లో అంతకన్నా చెడ్డ చోటు పొయ్యి ఒక్కటే. ఫ్రిజ్ వెనకనుంచి వేడి, మోటారు అదురు, పైన లైటు, వైన్‌కు గిట్టనివన్నీ అక్కడే పోగయ్యాయి.

నా కథ వినండి. 2011లో మామూలు కోత్ దు రోన్, 2009 పంటది, పన్నెండు సీసాల పెట్టె చవగ్గా వచ్చిందని కొన్నాను. పాతబడితే బంగారమవుతుందని వంటింటి అలమారలో అడుగున పెట్టి మరిచిపోయాను. ఆ గోడలోంచే హీటింగ్ గొట్టం పోతోందని నాకు తెలియదు. 2016లో మా ఆయన స్నేహితులు భోజనానికి వస్తే గొప్పగా తీశాను. ఇటుక రంగు, ఉడికించిన ప్లమ్ వాసన, నోట్లో పోసుకుంటే చప్పగా నీళ్లు. మర్యాదస్తులు గనక 'ఆసక్తికరంగా ఉంది' అన్నారు. ఫ్రెంచివాళ్లు వైన్ గురించి ఆ మాట అన్నారంటే ఇక సింక్‌లో పోసేయొచ్చు. మిగతా పదకొండూ మాంసం ఉడకబెట్టడానికే పోయాయి.

తప్పు రెండు వైపులా ఉంది. పెట్టిన చోటు ఒకటి. అసలు దాచదగ్గది కాకపోవడం రెండోది. అంగళ్లలో దొరికే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగడానికే చేస్తారు, దాచితే మాగదు, వాడిపోతుంది. మరి దాచదగ్గదని ఎలా తెలుస్తుంది? ధర చూసి మాత్రం కాదు. ఒక సీసా తెరిచి చూడండి. వగరు, పులుపు రెండూ ఉండాలి. వాటి వెనక పండు రుచి కూడా దండిగా ఉండాలి. వగరొక్కటే ఉండి పండు లేకపోతే పదేళ్లకు మిగిలేదీ వగరే. ఇంకో గుర్తు ఉంది. తెరిచిన సీసాకి బిరడా పెట్టి మర్నాడు మళ్లీ రుచి చూడండి. మొదటిరోజుకన్నా బాగుందంటే దాని తోటి సీసాలకు ఆయుష్షుందన్నమాట.

ఇప్పుడు మరాంజ్ కథ. 2013లో మరాంజ్ ప్రెమియే క్రూ (ఊళ్లో మేలైన తోటలకిచ్చే హోదా), 2010 పంట, ఆరు సీసాలు, ఒక్కోటి 17 యూరోలకు తెచ్చాను. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి మా బిల్డింగ్ కింది కావ్‌లో, అంటే నేలమాళిగ గదిలో, పడుకోబెట్టి, వంటింటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ కేటాయించాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

2014: పులుపు, వగరు. చెర్రీ ఎక్కడో దూరంగా.
2016: మూగది. వాసన లేదు. డబ్బు దండగ.
2018: తలుపు తీసింది. చెర్రీ, తడి ఆకులు.
2020: ఇదే. ఇదే. ఇంకేం రాయను.
2021: ఇదే, కొంచెం పుట్టగొడుగు వాసన.
2023: సన్నబడింది. బాగుంది కానీ ఇక చాలు.

2016లో ఏం రాశానో చూశారుగా. మంచి వైన్ నడుమ కొన్నాళ్లు మూగనోము పడుతుంది. పసితనపు పండు వాసన పోతుంది, మాగిన వాసన ఇంకా రాదు. ఆ రోజే మిగతా నాలుగూ అమ్మేద్దామనుకున్నాను. అందుకే ఒకే సీసా కొని పదేళ్లు దాచడం జూదం అంటాను. నాలుగో ఆరో కొనండి, ఏడాదికో రెండేళ్లకో ఒకటి తీయండి, రాసుకోండి. 17 యూరోల ఊళ్ల అందమే అది, ఆరు కొనగలం. 60 యూరోలది ఒకటి కొని, ఎప్పుడు తెరవాలా అని జీవితమంతా గుంజాటన పడతాం.

చోటు సంగతికి వస్తే, మీ బిల్డింగ్‌లో కావ్ ఉందేమో ముందు యజమానిని అడగండి, లియోన్ పాత ఇళ్లలో చాలావాటికి ఉంటుంది. 10 నుంచి 14 డిగ్రీలు బాగు. తేడాలు మెల్లగా రావాలి. వేసవిలో 16, చలికాలంలో 11 అయినా ఫర్వాలేదు, పగలొకటి రాత్రొకటి అయితేనే చేటు. చీకటి కావాలి, కాస్త తేమ కావాలి. సీసా పడుకోబెట్టాలి, లేకపోతే బిరడా ఎండి గాలి దూరుతుంది. కావ్ లేదా, ఉత్తరం వైపు గది బట్టల అలమారలో అడుగు అర. అక్కడైతే రెండు మూడేళ్లకు మించి ఆశపడొద్దు.

ఇక ఏవి దాచాలంటారా? నా కావ్‌లో ఉన్నవే చెప్తాను. సున్నపురాయి వాలు మీద పండిన షినోన్ పదేళ్లు హాయిగా ఉంటుంది. అదే షినోన్‌లో నది పక్క ఇసుకలో పండింది మాత్రం వెంటనే తాగాలి. షినోన్‌లో వేసేది కాబెర్నే ఫ్రాన్ ద్రాక్ష, పసిగా ఉన్నప్పుడు దాంట్లో కాప్సికం వాసన వస్తే కంగారు పడకండి, మాగితే చాలావరకు తగ్గుతుంది. బాందోల్ నియమం ప్రకారం కనీసం ఏడాదిన్నర చెక్క పీపాల్లో ఉండి గానీ బయటికి రాదు, దాన్ని ఇంకో ఏడెనిమిదేళ్లు ఆపండి. మార్సనే, ఫిసాన్ అయిదు నుంచి పదేళ్లు. లాంగ్‌డాక్‌లో పలకరాయి కొండల మీది ఫోజేర్‌కి నాలుగైదేళ్లు చాలు.

మేడమ్, విందుకి బోజొలే తీసుకెళ్తే మా కొలీగ్ ముఖం అదోలా పెట్టాడు. అంత చవకబారుదా? – పాఠకుడు, గ్రెనోబుల్

ఆయన మనసులో ఉన్నది నవంబర్ మూడో గురువారం వచ్చే బోజొలే నువో. పండి రెండు మూడు నెలలైనా కాని అరటిపండు వాసన సరుకు. దాని పుణ్యాన మొత్తం ప్రాంతం పరువు పోయింది, మనలాంటివాళ్లకు ధర మిగిలింది.

బోజొలేలో వేసే గమే ద్రాక్ష మీద ఈ చిన్నచూపు ఇప్పటిది కాదు. 1395లోనే బర్గండీ పాలకుడు ఫిలిప్ దొర అది నీచమైన మొక్కంటూ పీకించేయమన్నాడు. అదే గమే దక్షిణాన గ్రానైట్ కొండలెక్కి బతికిపోయింది. అక్కడ పది చోట్లకు క్రూ హోదా, అంటే సొంత పేరుతో అమ్ముకునే హోదా, ఉంది. లేబుల్ మీద బోజొలే అన్న మాట కూడా పెద్దగా కనబడదు, ఆ చోటు పేరే ఉంటుంది. మోర్గోన్, ములాన్-ఆ-వాన్, ఫ్లరీ, జులియేనా అలాంటివి. వీటిలో చిన్నది షెనా. ములాన్-ఆ-వాన్ పక్కనే ఉన్నా ఆ పేరు లేక 12, 14 యూరోలకే దొరుకుతుంది.

మోర్గోన్ గురించి ఇక్కడ ఒక క్రియాపదమే ఉంది, 'మోర్గోనే'. గమే మాగి మాగి పినో వాసన తెచ్చుకోవడాన్ని అలా అంటారు, మన 'మాగు' లాంటి మాట. మోర్గోన్‌లో కోత్ దు పీ అనే కొండ మీదిది ఎనిమిదేళ్లదొకటి తీసుకెళ్లి, కాగితంలో చుట్టి, పేరు చెప్పకుండా మీ కొలీగ్ గ్లాసులో పోయండి. ముందు ఫ్రిజ్‌లో అరగంట పెట్టడం మరిచిపోకండి. హీటింగ్ ఉన్న గదిలో 22 డిగ్రీల రెడ్ వైన్ ఎంత మంచిదైనా సారా వాసనే కొడుతుంది.

సీసా అడుగున నల్లటి గసి. తాగొచ్చా? – పాఠకురాలు, నాంత్

భేషుగ్గా. అది మడ్డి, రంగూ వగరూ కలిసి దిగిపోయినది. ముందురోజు సీసా నిలబెట్టి, మెడ వెనక టార్చి పెట్టుకుని మెల్లగా జగ్గులోకి వంచండి. నల్లగీత మెడ దగ్గరికి రాగానే ఆపేయండి.

పెద్ద దుకాణంలో కొన్న వాక్వెరాస్ తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. తిరిగిస్తే నవ్వుతారేమో. – పాఠకుడు, మార్సెయ్

నవ్వనివ్వండి, తిరిగివ్వండి. అది బిరడా జబ్బు. టీసీఏ అనే పదార్థం బిరడాలోంచి దిగితే వైన్ పండు వాసనంతా మింగేస్తుంది. ఒంటికేమీ చేయదు కానీ తాగలేం. గాలాడించినా పోదు. సీసాలో వైన్ ఉండగానే, బిరడాతో సహా, బిల్లుతో వెళ్లండి. నాకూ ఒకసారి ఒక దుకాణంలో 'మీకు అలవాటు లేక అలా అనిపిస్తోంది' అన్నారు. గ్లాసు తెమ్మని అతని చేతే వాసన చూపించాను. మాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు.

సెప్టెంబర్‌లో సూపర్‌మార్కెట్ల వైన్ సంతలో రోన్ వైన్లు గుట్టలుగా ఉంటాయి. ఏం ఏరుకోవాలి? – పాఠకుడు, లిల్

రోన్ దక్షిణాన ఊళ్లకు ప్రమోషన్ల నిచ్చెన ఒకటుంది. మొదట ఉత్త కోత్ దు రోన్. తర్వాత దాని పక్కన 'విలాజ్'. తర్వాత ఊరి పేరు కూడా. ఆఖరికి ఊరి పేరొక్కటే. జిగోందాస్ 1971లో పైమెట్టెక్కింది, వాక్వెరాస్ 1990లో, వాన్సోబ్ర్ 2006లో, రాస్తో రెడ్ 2010లో, కేరాన్ 2016లో. ఎక్కినకొద్దీ ధరా ఎక్కుతుంది. మీరు వరసలో ఇంకా నిలబడి ఉన్నవాళ్లను చూడండి. సెగురే, సాబ్లే రెండూ జిగోందాస్ ఉన్న కొండల దగ్గరివే. గ్రెనాష్ ద్రాక్ష, ఎర్రటి ఎండ, ఉత్తరాన్నుంచి కొట్టే మిస్త్రాల్ గాలి అన్నీ ఒకటే. 10 యూరోలు పెట్టి సాబ్లే ఒకటి కొనండి, ఆ సాయంత్రమే తెరవండి, నచ్చితే మర్నాడు వెళ్లి ఆరు తెచ్చుకోండి. మధ్యాహ్నానికల్లా వెళ్లండి, అక్కడ లిల్‌లో అందరూ మీలాగే ఆలోచిస్తారు.

మా పాప 2021లో పుట్టింది. తన 18వ పుట్టినరోజుకి తెరవడానికి అదే ఏడాది రెడ్ ఒకటి దాచాలని. సీసాకి 25 యూరోలు దాటలేం. ఇంట్లో కావ్ కూడా లేదు. – పాఠకురాలు, మోన్‌పెలియే

పాపకు ముద్దులు. ఏడాదే కాస్త మొండిది. 2021 ఏప్రిల్‌లో మంచు పడి ఫ్రాన్స్‌లో చాలాచోట్ల చిగుళ్లు మాడిపోయాయి, బర్గండీలో పంట తక్కువ, వైన్ తేలిక. దాన్ని 18 ఏళ్లు ఆపడం కష్టం, అదీ ఫ్లాట్‌లో.

మీరున్న చోటునుంచి దక్షిణంగా కిందికి చూడండి. రూసియోన్‌లో మోరీ అనే ఊరుంది, సముద్రం ఒడ్డున బన్యుల్స్ ఉంది. అక్కడ గ్రెనాష్ రసం పులుస్తుండగానే మధ్యలో సారా కలిపి ఆపేస్తారు. తీపి లోపలే నిలిచిపోతుంది, 15 శాతానికి తగ్గని ఆల్కహాల్ కాపలా ఉంటుంది. కొందరు రైతులు ఆ వైన్‌ను గాజు బుడ్లలో పోసి ఆరుబయట ఎండలో, చలిలో ఏడాదిపాటు వదిలేస్తారు. కావాలనే. అలా ఎండదెబ్బ తిన్నదానికి మీ బట్టల అలమార ఒక లెక్కా? చాక్లెట్, ఎండు అంజీరు, కాఫీ వాసనలతో వస్తుంది. 2021 అని పంట ఏడాది వేసినది అడిగి తీసుకోండి, 20 యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. చాక్లెట్ కేక్ పక్కన ఇంతకన్నా నప్పే రెడ్ నాకు తెలియదు.

రెండు కొనండి. రెండింటి మెడకూ పాప పేరు రాసిన చీటీ దారంతో కట్టి, బట్టల వెనక్కి తోసేయండి. మా అబ్బాయికని దాచిన సీసాకి నేను చీటీ కట్టలేదు. వాడికి ఆరేళ్లప్పుడు, ఒక ఆదివారం రాత్రి ఇంట్లో ఇంకేమీ లేదని మా ఆయన తెరిచేశారు. చాలా బాగుందట.